డిగ్రీ పేరు సరే, గంటలెన్ని?

2025లో నీట్ రాసినవాళ్లు 22.09 లక్షల మంది. అర్హత మార్కు దాటినవాళ్లు 12.36 లక్షలు. దేశం మొత్తమ్మీద ఎంబీబీఎస్ సీట్లు సుమారు 1.2 లక్షలు. అంటే ఒక్కో సీటుకు 18 మంది. సీటు రాని 17 మంది ఇళ్లలో ఆ వేసవంతా ఒకటే చర్చ: బైపీసీ చదివించాం, ఇప్పుడేం చేద్దాం? అందులో ఈమధ్య తరచూ వినబడే పేర్లు మూడు. ఫిజియోథెరపీ, న్యూట్రిషన్, స్పోర్ట్స్ సైన్స్. కాలేజీ బ్రోచర్లలో మూడూ అక్కాచెల్లెళ్లలా పక్కపక్కనే నవ్వుతుంటాయి. చట్టం మాత్రం మూడింటినీ ఒకే చూపు చూడదు.

పనికి కొరత లేదన్నది నిజమే. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది, మరో 13.6 కోట్ల మంది దాని గడప దగ్గర ఉన్నారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత చూస్తే, ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 36.3 శాతం మంది బరువు ఎక్కువ. దేశ సగటు 24. అదే ఆంధ్రప్రదేశ్‌లో అదే వయసు ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత. ఒకే ఇంట్లో, ఒక్కోసారి ఒకే మనిషిలో, తిండి ఎక్కువై ఒక జబ్బు, తక్కువై ఇంకో జబ్బు. ఈ చిక్కుముడి విప్పే మనుషులు కావాలి. అయితే అవసరం ఉన్నంత మాత్రాన ఆ పనికి జీతమిచ్చే ఉద్యోగం ఉంటుందని కాదు. చట్టం గుర్తింపు పనికొచ్చేది అక్కడే.

డాక్టర్లకు, డెంటిస్టులకు, నర్సులకు, ఫార్మసిస్టులకు జాతీయ స్థాయి నియంత్రణ సంస్థలు ఎప్పటినుంచో ఉన్నాయి. మిగతావాళ్లలో చాలామందికి లేవు. 2021లో పార్లమెంటు అలైడ్, హెల్త్‌కేర్ వృత్తులకు జాతీయ కమిషన్ ఏర్పాటు చేస్తూ చట్టం చేసి, 10 విభాగాల్లో 56 వృత్తులను చేర్చింది. హెల్త్‌కేర్ నిపుణులు అనిపించుకోవాలంటే కనీసం 3,600 గంటల డిగ్రీ చదవాలి, అది మూడు నుంచి ఆరేళ్లలో సాగాలి. అలైడ్ కోవకు 2,000 గంటలు చాలు. 3,600 గంటలను మూడేళ్లకు పంచితే ఏడాదికి 1,200. రోజుకు ఆరు గంటల చొప్పున 200 రోజులు. పరీక్షలకు నెల ముందు మాత్రమే క్లాసులు జరిగే కాలేజీలో ఈ లెక్క ఎలా కుదురుతుంది?

ఆ పది విభాగాల్లో ఫిజియోథెరపీ ఒకటి, పోషకాహార శాస్త్రం ఒకటి. స్పోర్ట్స్ లేదా ఎక్సర్‌సైజ్ సైన్స్ పేరుతో విభాగమే లేదు.

ఫిజియో సంగతి సూటిగా ఉంటుంది. ఫిజియోథెరపీ డిగ్రీ బీపీటీ ఇన్నాళ్లూ నాలుగున్నరేళ్లు. అందులో ఆఖరి ఆరు నెలలు ఇంటర్న్‌షిప్. 2025 ఏప్రిల్‌లో వచ్చిన కొత్త పాఠ్యప్రణాళిక దాన్ని అయిదేళ్లు చేసి, ఇంటర్న్‌షిప్‌ను ఏడాదికి పెంచింది. పేరు ముందు ‘డాక్టర్’ పెట్టుకోవచ్చా అన్న గొడవ వేరే నడుస్తోంది. 2025 సెప్టెంబరులో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ వద్దని లేఖ రాసి, మర్నాడే వెనక్కి తీసుకుంది. బోర్డు మీది రెండక్షరాల కోసం బిడ్డను బీపీటీలో చేర్చే తల్లిదండ్రులు ఈ కథ గుర్తుపెట్టుకుంటే మంచిది.

న్యూట్రిషన్‌కు దారులు ఎక్కువ, తికమకా ఎక్కువే. డిగ్రీ కాలేజీల్లో జువాలజీ, కెమిస్ట్రీ లాంటి వాటితో కలిపి న్యూట్రిషన్‌ను ఒక సబ్జెక్టుగా ఇచ్చే మూడేళ్ల బీఎస్సీ ఉంది. హైదరాబాద్ సైఫాబాద్‌లో, గుంటూరులో వ్యవసాయ విశ్వవిద్యాలయాల కమ్యూనిటీ సైన్స్ కాలేజీలు (నిన్నటి హోమ్ సైన్స్) నాలుగేళ్ల ఆనర్స్ డిగ్రీ ఇస్తాయి. మూడేళ్ల బీఎస్సీలో చేరితే పీజీ తప్పదు. ఆసుపత్రుల్లో గౌరవం ఉన్న ‘రిజిస్టర్డ్ డైటీషియన్’ హోదా కావాలంటే ఎంఎస్సీయో పీజీ డిప్లొమాయో చేసి, ఆసుపత్రిలో ఆరు నెలల ఇంటర్న్‌షిప్ పూర్తిచేసి, 1963లో పుట్టిన ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్ పరీక్ష గట్టెక్కాలి. తిరిగి చూసుకుంటే ఎంఎస్సీ దారిలో బీపీటీ కన్నా తక్కువ కాలమేమీ కాదు.

పీజీకి తెలుగువాళ్ల ముంగిట్లోనే ఉన్న చోటు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి మీద పరిశోధనకు పెట్టిన చిన్న ప్రయోగశాల 1958లో హైదరాబాద్ వచ్చింది. ఇప్పటి పేరు 1969 నాటిది. అక్కడ అప్లైడ్ న్యూట్రిషన్, స్పోర్ట్స్ న్యూట్రిషన్ అని రెండు ఎంఎస్సీలున్నాయి. ఆ సంస్థ చెప్పే లెక్క ప్రకారం ఆరోగ్యవంతుడికి రోజూ కావాల్సిన ప్రొటీన్ కిలో బరువుకు 0.83 గ్రాములు. 65 కిలోల మనిషికి 54 గ్రాములు. జిమ్‌లో ట్రైనర్ కిలోకి రెండు గ్రాములంటాడు, అంటే 130. బరువులెత్తే కుర్రాడికి 54కు మించి కావాలన్నది సరే. పక్కన ట్రెడ్‌మిల్ మీద నడుస్తున్న, కిడ్నీ దెబ్బతిన్న షుగర్ పేషెంటుకూ అదే ప్రొటీన్ డబ్బా అమ్మితే? ఎవరికి ఎంతో తేల్చడం నేర్పేదే ఈ చదువు. అది వీడియో పాఠాలతో రాదు. అందుకే యూజీసీ 2025 జులై–ఆగస్టు ప్రవేశాల నుంచి ఫుడ్ అండ్ న్యూట్రిషన్, క్లినికల్ న్యూట్రిషన్ అండ్ డైటెటిక్స్ కోర్సులను దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపొద్దంది. ఇప్పటికీ ఎవరైనా ఇంట్లో కూర్చుని ఆ డిగ్రీ తెచ్చుకోవచ్చంటే ఫీజు కట్టకండి.

ఇక ఎక్సర్‌సైజ్ సైన్స్. మణిపాల్‌లో, చెన్నై శ్రీరామచంద్రలో మంచి కోర్సులున్నాయి. కానీ చదివాక ఏ హోదాతో పనిచేస్తారు? ఆస్ట్రేలియాలో నాలుగేళ్లు చదివి, 500 గంటలు ప్రాక్టికమ్ చేసినవాళ్లకు ‘ఎక్సర్‌సైజ్ ఫిజియాలజిస్ట్’ గుర్తింపు ఉంది. డాక్టరు రాసి పంపితే ప్రభుత్వ మెడికేర్ ఆ ఖర్చులో కొంత భరిస్తుంది. ఇక్కడ అలాంటి ఏర్పాటు లేదు కాబట్టి క్రీడాజట్లు, అకాడమీలు, ఫిట్‌నెస్ కంపెనీలే దిక్కు. ఆటంటే ప్రాణమున్న విద్యార్థికి నేను చెప్పేది ముందు బీపీటీ చేసి, పీజీలో స్పోర్ట్స్ తీసుకోమనే. బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడు కావాలనుకుంటే అది వేరే దారి: డిగ్రీ తర్వాత పీఈసెట్, రెండేళ్ల బీపీఈడీ. కోచింగ్ మీద మనసుంటే, 2018 చట్టంతో ఏర్పడిన ఇంఫాల్‌లోని జాతీయ క్రీడా విశ్వవిద్యాలయంలో నాలుగేళ్ల బీఎస్సీ ఉంది.

అమెరికా ఆలోచన ఉన్న ఇళ్లలో ఇంకో లెక్క వేసుకోవాలి. 2024 జనవరి 1 నుంచి అక్కడ డైటీషియన్ పరీక్ష రాయాలంటే మాస్టర్స్ తప్పనిసరి, పర్యవేక్షణలో కనీసం 1,000 గంటల శిక్షణ అదనం. ఫిజియోలకైతే ఇక్కడి డిగ్రీని అక్కడి డాక్టరేట్ స్థాయి చదువుతో సబ్జెక్టు సబ్జెక్టుగా పోల్చి చూస్తారు. సిలబస్‌లు, మార్కుల పత్రాలు యూనివర్సిటీ నుంచే వెళ్లాలి. ఆ కాగితాల కోసం పదేళ్ల తర్వాత సెక్షన్ చుట్టూ తిరిగే కంటే చివరి ఏడాదిలోనే సిలబస్ ప్రతులు స్టాంపు వేయించి దాచుకోవడం తేలిక.