తరగతి గంట దాటిన చర్చ: సాహిత్య బోధనలో అంతర్జాల ఉపకరణాలు

ఉపోద్ఘాతం

సాహిత్య తరగతిలో పాఠ్యవివరణ పూర్తయ్యేసరికే కేటాయించిన గంట దాదాపు ముగుస్తుంది. మిగిలిన కొద్ది నిమిషాల్లో మాట్లాడేది ఎప్పుడూ ఆ నలుగురైదుగురే. ప్రశ్న వేశాక ఉపాధ్యాయులు సుమారు ఒక్క సెకను మాత్రమే వేచి ఉంటున్నారని, ఆ వ్యవధిని మూడు సెకన్లకు పెంచితే సమాధానాలు విస్తృతమవుతాయని అమెరికన్ విద్యావేత్త మేరీ బడ్ రో 1970వ దశకంలో సైన్సు తరగతుల పరిశీలన ద్వారా చూపారు. మౌనానికి అజ్ఞానమే కారణం కానక్కరలేదు. వ్యవధి లేకపోవడమూ కావచ్చు. అంతర్జాల చర్చ ఇవ్వగలిగేది ఆ వ్యవధినే.

ప్రశ్న స్వరూపం

ఉపకరణం కన్నా ప్రశ్న ముఖ్యం. గురజాడ ‘కన్యాశుల్కం’ ఇతివృత్తాన్ని వివరించమంటే సమాధానాలన్నీ ఒకే గైడును పోలి ఉంటాయి. 1897 నాటి తొలికూర్పులోనూ 1909 నాటి మలికూర్పులోనూ మధురవాణికి దక్కిన స్థానం ఒకటేనా, ఒక సన్నివేశం ఆధారంగా నిరూపించమంటే విద్యార్థి మూలగ్రంథాన్ని మళ్లీ తెరవక తప్పదు. మూడిల్‌లోని ప్రశ్నోత్తర చర్చాపద్ధతిలో, విద్యార్థి తన సమాధానం నమోదు చేసేవరకు తోటివారి సమాధానాలు కనిపించవు. అనుకరణకు తావు తగ్గి, ఆ తరువాతి వాదానికి బలం చేకూరుతుంది.

అధ్యాపకుని పాత్ర

గారిసన్, ఆండర్సన్, ఆర్చర్ 2000లో ప్రతిపాదించిన నమూనా ప్రకారం అంతర్జాల అభ్యసనానికి జ్ఞానాత్మక, సామాజిక, బోధనా సన్నిధులు మూడూ అవసరం. అధ్యాపకుడు ప్రతి వ్యాఖ్యకూ తీర్పు చెబితే చర్చ ఆగిపోతుంది; పూర్తిగా తప్పుకుంటే ‘ఏకీభవిస్తున్నాను’ అనే హాజరుపట్టీగా మారుతుంది. పరస్పరం విభేదించే రెండు అభిప్రాయాలను ఎంచి, మరుసటి తరగతిని వాటితో ఆరంభించడం మేలైన మార్గం. అప్పుడే తెరమీది చర్చ తరగతికి కొనసాగింపవుతుంది.

పరిమితులు

ఇంటిల్లిపాదికీ ఒకే ఫోను ఉన్న విద్యార్థికి ఈ పద్ధతి కొత్త అడ్డంకి కాగలదు. అందువల్ల గడువు ఒక్క రాత్రి కాక నాలుగైదు రోజులుండాలి. వీడియో సమావేశం కన్నా డేటా తక్కువ పట్టే లిఖిత చర్చకు ప్రాధాన్యమివ్వాలి. తెలుగు టైపింగ్ రానివారి నుంచి స్వర సందేశాన్ని గాని, చేతిరాత ప్రతి ఛాయాచిత్రాన్ని గాని స్వీకరించాలి.

ముగింపు

నమోదైన వ్యాఖ్యల సంఖ్య ఈ పద్ధతి విజయానికి కొలమానం కాదు. అంతవరకు తరగతిలో నోరు విప్పని విద్యార్థి, తాను రాసిన వాక్యాన్ని ఆధారం చేసుకొని మరుసటి రోజు వాదించగలిగితే ఆ చర్చ ఫలించినట్లే.