రాత్రిపూట ఊపిరి ఎవరు కొలుస్తారు?

మన దేశంలో సిలికోసిస్ జబ్బు మొదట వైద్య నివేదికలకెక్కింది కోలారు బంగారు గనుల నుంచే. 1947లో వచ్చిన ఆ నివేదిక ప్రకారం, పరీక్షించిన కార్మికుల్లో నూటికి 40 మందికి పైగా ఊపిరితిత్తుల్లో రాతిదుమ్ము మచ్చలు కట్టి ఉంది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. ఆ దుమ్ము పీల్చినవాళ్లకు మాత్రం జబ్బు అంతటితో పోలేదు.

బంగారం పలుగురాయి చారల్లో దొరుకుతుంది. ఆ రాయిని తొలిచినా పేల్చినా దుమ్ము లేస్తుంది. కంటికి ఆనే రేణువుల్ని ముక్కూ గొంతూ పట్టేసి కఫంతో బయటికి నెట్టేస్తాయి. 5 మైక్రాన్లకన్నా చిన్నవి గాలిగదుల దాకా పోతాయి. అక్కడ కాపలా ఉండే మాక్రోఫేజ్ కణం వాటిని మింగుతుంది. సూక్ష్మజీవి అయితే అరిగించుకునేదే. పలుగురాయిలోని సిలికా అరగదు, మింగిన కణమే చచ్చి పగిలిపోతుంది. రేణువు బయటపడుతుంది, ఇంకో కణం వచ్చి దాన్నే మింగుతుంది. ఇలా పగిలినప్పుడల్లా ఊరే రసాయనాలతో చుట్టూ మచ్చ గట్టిపడుతుంది. అందుకే గనిపని మానేసిన ఏళ్ల తర్వాత కూడా ఆయాసం ముదురుతుంది, క్షయ త్వరగా అంటుకుంటుంది.

కోలారు జిల్లాలోనే ఉన్న మాలూరు అనగానే గుర్తొచ్చేవి ఇటుకలూ పెంకులూ. పొడిమట్టి జల్లించేవాళ్లూ, బట్టీలోంచి కాలిన ఇటుక దించేవాళ్లూ పీల్చే దుమ్ములోనూ సిలికా ఉంటుంది, పైన బట్టీ పొగ. ముక్కుకు చుట్టుకున్న తువ్వాలు ఆ సన్నటి రేణువుల్ని ఆపలేదు. అటు బంగారు గనులున్న కేజీఎఫ్‌లోనేమో గాలికాలం వస్తే, బంగారం తీశాక మిగిలిన సైనైడ్ దిబ్బల మీది పొడి ఇళ్లలోకి కొడుతుంది.

ఇలా దుమ్ము పీల్చిన మనిషి ఆయాసమని ఆసుపత్రికి వెళితే ఎక్స్‌రే తీస్తారు, గొట్టంలోకి ఊదిస్తారు, వేలికి ఆక్సీమీటరు తగిలిస్తారు. అన్నీ మేలుకుని కూర్చున్నప్పుడు చేసే పరీక్షలే. రాత్రి పడుకున్నాక ఆ ఊపిరి ఏమవుతుందో అడిగేవాళ్లు తక్కువ. నా బాధంతా దాని గురించే.

నిద్రలో ఊపిరి తీరే మారిపోతుంది. 1953లో షికాగో విశ్వవిద్యాలయంలో ఆసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనే ఇద్దరు గుర్తించిన రెమ్ నిద్ర ఉంది కదా, కలలు ఎక్కువగా వచ్చే దశ. అప్పుడు ఒంట్లో కండరాలు దాదాపు అన్నీ సడలిపోతాయి. పక్కటెముకల కండరాలూ పట్టు వదిలేస్తాయి, భారమంతా ఉదరవితానం ఒక్కదాని మీదే పడుతుంది. ఊపిరితిత్తులు మెత్తగా ఉంటే అది లాగేస్తుంది. మచ్చలతో బిగుసుకుపోతే కష్టం.

ఇక్కడ ఆక్సిజన్ లెక్క కొంచెం తెలుసుకోవాలి. ధమని రక్తంలో ఆక్సిజన్ పీడనం 100 మిల్లీమీటర్ల నుంచి 60కి పడినా హిమోగ్లోబిన్ 90 శాతం దాకా నిండే ఉంటుంది. ఆ 60 దాటి కిందికి పోతే మాత్రం, చెరువుకట్ట మీద నడుస్తున్నవాడు అంచు దాటి వాలులో జారినట్టే. పగలు ఆక్సీమీటరులో 97 చూపించే మనిషి నిద్రలో కాస్త తగ్గినా కట్ట మీదే ఉంటాడు. పగలే 91 ఉన్న మనిషికి అంతే తగ్గుదల చాలు, 80ల్లోకి పోతాడు. పగటి పరీక్ష చూసి "ఫరవాలేదు, 91 ఉంది" అని పంపించేస్తే ఈ సంగతి ఎవరికీ తెలియదు.

దీనికి గురక తోడైతే? గొంతు కండరాలు సడలి, పీల్చే గాలి లాగుడుకు నాలుక వెనక దారి మూసుకుపోతుంది. 10 సెకన్లో అంతకు మించో ఊపిరి ఆగితే దాన్ని ఆప్నియా అంటారు. ఊపిరి ఆగడం, బాగా తగ్గడం కలిపి గంటకు 5 సార్లు దాటితే జబ్బు కింద లెక్క, 30 దాటితే తీవ్రం. దీన్ని మొదట కనిపెట్టేది పక్కన పడుకున్న భార్యే. పెద్ద గురక, ఉన్నట్టుండి నిశ్శబ్దం, మళ్లీ ఉక్కిరిబిక్కిరై ఒక్క ఎగశ్వాస. "గురక పెట్టి హాయిగా నిద్రపోతున్నాడు" అని ఇంట్లో అనుకునే ఆ మనిషి రాత్రంతా తనకు తెలియకుండానే లేస్తూ ఉంటాడు.

పొగవల్ల గొట్టాలు దెబ్బతిన్న ఊపిరితిత్తులకు ఈ ఆప్నియా తోడైన స్థితికి 1985లో ఎడిన్‌బరో వైద్యుడు డేవిడ్ ఫ్లెన్లీ ఓవర్‌లాప్ సిండ్రోమ్ అని పేరు పెట్టాడు. రెండూ కలిస్తే రాత్రి ఆక్సిజన్ మరీ లోతుకు పోతుంది, గుండె కుడివైపు మీద భారం పెరుగుతుంది.

చికిత్స ఉంది. ఒకప్పుడు తీవ్రమైన ఆప్నియాకు గొంతుకు రంధ్రం చేయడమే దారి. సిడ్నీలో వైద్యుడు కాలిన్ సలివన్ వాక్యూమ్ క్లీనర్ మోటారును తిరగేసి, ముక్కులోకి నిదానంగా గాలి ఊదించి గొంతు మూసుకోకుండా నిలబెట్టాడు. 5 మంది రోగుల మీద ఫలితాన్ని 1981లో లాన్సెట్ పత్రికలో ప్రకటించాడు. ఇవాళ్టి సీపాప్ యంత్రానికి మూలం అదే.

కేజీఎఫ్‌లోని మారికుప్పం నుంచి వేకువనే బయల్దేరి మాలూరు మీదుగా బెంగళూరు పోయే రైళ్లలో కునికిపాట్లు పడేవాళ్లను చూస్తాం. చాలామందికి అది నిద్ర చాలకపోవడమే. సెలవురోజు కంటినిండా నిద్రపోయినా మగత వదలకపోతే, లేవగానే తలనొప్పి ఉంటే మాత్రం ఆప్నియాను అనుమానించాలి.

బెంగళూరు నిమ్హాన్స్‌లో నిద్ర మీద పరిశోధన సాగుతూనే ఉంది. అయితే తలకు తీగలూ ఛాతీకి పట్టీలూ కట్టి రాత్రంతా పడుకోబెట్టే పూర్తి పరీక్షకు ఇటుకబట్టీ కూలీ ఒక రోజు కూలి వదులుకుని ఎక్కడికి పోతాడు? మొదటి అడుగుకు అంత అక్కర్లేదు. రాత్రంతా అంకెలు దాచుకునే చిన్న ఆక్సీమీటరు ఇంటికిచ్చి పంపి, పొద్దున తెప్పించుకుని చూడొచ్చు. తాలూకా ఆసుపత్రిలో దుమ్ముపని చేసినవాళ్లకు ఎక్స్‌రే తీసే రోజునే, ఇంట్లోవాళ్లను పిలిచి గురక మధ్యలో ఆగుతోందా అని అడగాలి. ఆగుతోందంటే ఆ రాత్రికే ఆక్సీమీటరు ఇచ్చి పంపాలి. మద్యం, నిద్రమాత్రలు గొంతును ఇంకా సడలిస్తాయి కాబట్టి, ఆ ఫలితం వచ్చేదాకా వైద్యుడు చెప్పనిదే నిద్రమాత్ర వేసుకోకూడదని కూడా చీటీ మీద రాసివ్వాలి.