కొట్టే బంతి బరువెంత?

రామచంద్రపురం: ధాన్యం అమ్ముకునే రైతుకు తూకం గురించి ఒకరు చెప్పనక్కరలేదు. 75 కిలోల బస్తా దగ్గర కిలో తేడా వచ్చిందంటే కాటా వద్దే తగువు మొదలవుతుంది. అటువంటి మనం ఆటల దగ్గరకు వచ్చేసరికి తూకం మాటే ఎత్తం. ఆటలోనూ దొంగ తూకం ఉంటుందన్న సంగతి చాలామందికి తట్టదు.

కొన్నేళ్ళ క్రితం సంక్రాంతికి ఈ చుట్టుపక్కలే ఉన్న మా ఊళ్ళో క్యారమ్స్ పోటీలు జరిగాయి. నిర్ణేతల్లో ఈ విలేకరి కూడా ఒకడు. ఆఖరి ఆటలో ఒక కుర్రవాడి స్ట్రైకరు తగిలితే చాలు, కాయిన్లు చెల్లాచెదరైపోతున్నాయి. "అది స్ట్రైకరు కాదండీ, పడికట్టు రాయండీ" అని రెండోవాడు మొత్తుకున్నాడు. మేము నవ్వి ఊరుకున్నాం. గెలిచినవాడికి స్టీలు బిందె ఇచ్చేశాం. మరునాడు అనుమానం తీరక ఆ స్ట్రైకరును కంసాలి కాటాలో పెట్టిస్తే 21 గ్రాములు తూగింది. క్యారమ్ నిబంధనల ప్రకారం స్ట్రైకరు 15 గ్రాములకు మించరాదు. "ఆటలో ఓడితే బాధ లేదండీ, తూకంలో ఓడిపోయానండీ" అన్నాడు ఆ కుర్రవాడు. మరుసటి ఏడు పోటీకి అతను రాలేదు.

పెద్ద ఆటల్లో ఈ తగువు ఎలా తీర్చారో చూద్దామని ఆ తరువాత బిలియర్డ్స్ నిబంధనలు సంపాదించి చదివాను. పచ్చగుడ్డ పరచిన బల్లమీద పొడవాటి కర్రతో ఒక బంతిని పొడిచి, దానితో మిగిలిన బంతులను కొట్టే ఆట ఇది. స్నూకర్, పూల్ కూడా ఈ కోవలోవే. కర్రతో పొడిచే బంతిని క్యూ బాల్ అంటారు.

దీని కీలకం తెలియాలంటే మన గోలీలాట గుర్తుచేసుకుంటే చాలు. దొర్లకుండా జారుతూ వెళ్ళిన గోలీ, అంతే బరువున్న మరో గోలీకి సూటిగా తగిలితే తాను అక్కడే ఆగిపోతుంది. తన వేగమంతా రెండోదానికి ఇచ్చేస్తుంది. కొట్టే గోలీ బరువెక్కువైతే ఆగకుండా ముందుకు పోతుంది. తేలికైతే వెనక్కి తన్నుకొస్తుంది. గోలీలాటలో ఇనుప గోలీ తెచ్చినవాణ్ణి పిల్లలు ఒప్పుకోకపోవడంలో ఇంత శాస్త్రం ఉంది. క్యూ బాల్‌ను కొట్టి, అనుకున్న చోట నిలబెట్టడమే ఆటగాడి నేర్పు. తూకం తప్పితే ఆ నేర్పు దండగే.

అందుకే బిలియర్డ్స్‌లోని మూడు బంతులూ సమానంగా తూగాలి. వాటి మధ్య తేడా అర గ్రాముకు మించరాదు. స్నూకర్‌లో 22 బంతులుంటాయి కనుక 3 గ్రాముల వరకు సడలింపు ఇచ్చారు. ఈ రెండు ఆటల్లోనూ బంతి అడ్డుకొలత 52.5 మిల్లీమీటర్లు. పూల్ బంతి కొంచెం పెద్దది, 57.15 మిల్లీమీటర్లు. దాని బరువు సుమారు 156 నుంచి 170 గ్రాముల మధ్య ఉండాలి. క్యారమ్స్‌లో పద్ధతి వేరు. అక్కడ కాయిన్ బరువు 5 నుంచి 5.5 గ్రాములు. స్ట్రైకరు దానికి దాదాపు మూడింతలు ఉండవచ్చు. అయితే ఆ మూడింతలూ ఇద్దరికీ వర్తిస్తుంది. హద్దు దాటడమే తప్పు.

పూర్వం ఈ బంతులను ఏనుగు దంతంతో చేసేవారు. దంతం గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ఎండకు పగుళ్ళు తీస్తుంది. దానితో బరువు నిలకడగా ఉండేది కాదు. పైగా కొద్ది బంతుల కోసం ఏనుగు ప్రాణం పోయేది. 1860లలో అమెరికాలో ఒక బిలియర్డ్స్ కంపెనీ దంతానికి బదులు వస్తువు కనిపెట్టినవారికి పదివేల డాలర్ల బహుమతి ప్రకటించింది. ఆ ప్రయత్నంలోనే జాన్ వెస్లీ హయత్ సెల్యులాయిడ్ తయారుచేసి 1870లో పేటెంటు పొందాడు. నేడు ఫినాలిక్ రెసిన్ అనే గట్టి ప్లాస్టిక్‌తో చేస్తున్నారు.

ఈ ఆటలు మన దేశానికి కొత్త కాదు. 1875లో జబల్‌పూర్‌లో ఆంగ్లేయ సైనికాధికారుల మధ్య స్నూకర్ పుట్టింది. హైదరాబాదు ఫలక్‌నుమా ప్యాలెస్‌లో ఇంగ్లండు కంపెనీ బరోస్ అండ్ వాట్స్ చేసిన బిలియర్డ్స్ బల్ల నేటికీ ఉంది. 1958లో కలకత్తాలో విల్సన్ జోన్స్ ప్రపంచ అమెచ్యూర్ బిలియర్డ్స్ విజేత అయ్యాడు.

నేడు పట్టణాలకు చదువుకు వెళ్ళిన మన పల్లె పిల్లలు పూల్ బల్లల వద్ద ఆడుతున్నారు. వారు గమనించవలసిన విషయం ఒకటి ఉంది. ప్రతి దెబ్బా తినేది క్యూ బాల్ ఒక్కటే. అందుచేత అన్నింటికన్నా ముందు అరిగేది, తేలికయ్యేది కూడా అదే. నాణెం వేసి ఆడే కొన్ని బల్లలకు మాత్రం, ఆ బంతి వేరే దారిలో తిరిగి రావడానికి, కావాలనే పెద్దదిగానో బరువుగానో చేస్తారు. అటువంటి బల్లమీద చేయి తిరిగినవాడు సరైన తూకపు బంతులతో పోటీకి దిగితే తడబడక తప్పదు.

కాటా ఖర్చు కాణీ లేదు. కిరాణా కొట్లో కాటా కొంత నయం, కంసాలి కాటా మరీ నయం. వచ్చే సంక్రాంతికి పోటీలు పెట్టేవారు బిందె కొనేముందు స్ట్రైకర్లు తూయించాలి. మేము ఆ పని ఒక రోజు ఆలస్యంగా చేశాం.