కొత్త పెట్టకు గుడ్ల తట్ట అలవాటు చేయండి

పెరటి పెట్ట గడ్డివామిలోనో, కట్టెల చాటునో గుడ్డు పెడితే అది కాకికో, కుక్కకో, పాముకో దక్కుతుంది. రోజుకొకటి పోయినా నెలకు 30 గుడ్లు నష్టమే.

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ పెట్టలు అయిదున్నర, ఆరు నెలలకు గుడ్లకొస్తాయి. అయిదో నెల నుంచే తట్ట సిద్ధం చేయాలి. పెట్ట మొదట గుడ్డు పెట్టిన చోటుకే మళ్లీ మళ్లీ పోతుంది మరి.

అడుగు వెడల్పున్న తట్ట గానీ, చెక్క డబ్బా గానీ చాలు. నాలుగైదు పెట్టలకు ఒకటి సరిపోతుంది. కోళ్ల గూట్లోనే గాలాడే చీకటి మూలన, నేలకు అడుగెత్తున అమర్చి, వరిగడ్డి లేదా ఊక మందంగా పరవాలి. అందులో గుడ్డంత తెల్లబంతి ఒకటి ఉంచితే, ఇదే చోటనుకుని పెట్టలు అక్కడే కూర్చుంటాయి. గుడ్లు ఎక్కువగా పొద్దుటిపూటే పెడతాయి కాబట్టి మొదటి రెండు వారాలు మేత, నీళ్లు గూట్లోనే ఇచ్చి పది గంటలు దాటాక వదలాలి.

తట్టలో రాత్రి పడుకుంటే రెట్టతో గుడ్లు పాడవుతాయి. పడుకోవడానికి తట్టకన్నా ఎత్తులో కర్ర కట్టండి. గుడ్లు రోజుకు రెండుసార్లు తీయండి. పగిలిన గుడ్డు వదిలేస్తే పెట్టలు గుడ్లు తినడం మరుగుతాయి. ఆ అలవాటు మాన్పించడం చాలా కష్టం.