నల్లమలకు వచ్చిన ఒంటరి చుట్టం

మా బేతంచెర్ల పేరెత్తితే పదిమందికీ గుర్తుకొచ్చేవి నాపబండలే. వూరికి దగ్గరలో బిల్లసుర్గం గుహలున్న సంగతి తెలిసినవారు తక్కువ. 1884, 85 సంవత్సరాలలో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు హెన్రీ అక్కడ తవ్వితే ఖడ్గమృగం ఎముకలు బయటపడ్డాయి. ఎద్దు జాతిదో ఎనుము జాతిదో తేలని ఎముకలూ దొరికాయి. ఖడ్గమృగానికి కడుపు నిండిన సీమ ఇదేనంటే, మే నెల ఎండలో నిలబడి నమ్మడం కష్టమే!

ఆ ఎముకలు నాకు మళ్లీ గుర్తుకు రావడానికి కారణం 2024లో వచ్చిన ఒక వార్త. నంద్యాలకు అవతల నల్లమలలో, మొదట వెలుగోడు వైపు, తరువాత బైర్లూటి వైపు, ఒక అడవిదున్న ఒంటరిగా తిరుగుతూ అటవీశాఖవారి కంటబడింది. 150 ఏళ్ల తరువాత వచ్చిన చుట్టమని పత్రికలు రాశాయి.

తెలుగు మాస్టరుగా ఆ పేరుతో నాకు కొంచెం పేచీ వుంది. ఇది దున్న కాదు, ఆవు వంశానిది. ఈశాన్య కొండలలో పెంచుకునే మిథున్‌కు దగ్గరి బంధువు. బర్రెలాగా బురదలో పొర్లదు. ఆరడుగుల యెత్తు, పోతులైతే వెయ్యి కిలోల దాకా బరువు. మోకాళ్ల కింద తెల్లని మేజోళ్లు తొడిగినట్టు వుంటుంది.

అంత శరీరాన్ని పోషించడం మాటలా? తొలకరి పడగానే లేతగడ్డి మీద పడుతుంది. తెల్లవారుజామునా, సాయంత్రమూ మేత. ఎండ వేళ చెట్టునీడన నెమరు. మనుషుల అలికిడి ఎక్కువైన చోట రాత్రిమేతకు దిగుతుంది. గడ్డి ముదిరి పీచెక్కిందా, ఆకులూ వెదురు చిగుళ్లూ రాలిన కాయలూ వెతుక్కుంటుంది. కొన్ని అడవులలో టేకు బెరడు కూడా ఒలిచి తింటుంది. ఉప్పునేల కనబడితే నాకక మానదు. వేసవిలో మాత్రం నీటికి దూరంగా వుండలేదు. వాగుల వెంట నీడా పచ్చదనమూ మిగిలిన పల్లాలకు చేరుతుంది.

మా ఇంటికి పాలు పోసే పెద్దాయనకు ఇదంతా చెబితే, "అట్లయితే దానిదీ మా గొడ్లదీ ఒకటే మేత కదా సార్!" అన్నాడు. అసలు చిక్కంతా ఆయన ఒక్క మాటలో తేల్చేశాడు. వేసవిలో అడవి అంచు పల్లెల మందలు చేరేదీ ఆ వాగులకే. గడ్డి పంచుకోవడం ఒక యెత్తు, రోగం పంచుకోవడం ఒక యెత్తు. 1968లో బండిపుర, ముదుమలై అడవులలో ముసరరోగం సోకి అడవిదున్నలు కుప్పలుగా చచ్చాయి. ఆ రోగం 2011 నాటికి లోకంలోనే లేకుండా పోయింది. గాలికుంటు ఇంకా పోలేదు. అందుకే అడవి అంచు పల్లెలలో గొడ్లకు టీకాలు వేయించడం ఈ చుట్టానికీ రక్షే.

పోతులు మంద విడిచి ఒంటరిగా తిరగడం ఈ జాతికి మామూలే. ఒక జంతువు వచ్చినంతమాత్రాన మంద వచ్చినట్టు కాదు. ఆవులూ దూడలతో కూడిన మందను చూడాలని ముచ్చటపడేవారు నల్లమల దాటి, గోదావరి మీదుగా పాపికొండల అడవుల వైపు వెళ్లవలసిందే.