టవరు దీపము వెలుగనప్పుడు

కదిరి లక్ష్మీనరసింహస్వామివారి బ్రహ్మోత్సవములు ఏటేట ఫాల్గుణమాసమున జరుగును. అట్టి తిరునాళ్లలో, రాత్రివేళ బోరు వేయు పొలములలో, ప్రమాదము జరిగిన కనుమదారులలో సాధారణమైన వీధిదీపము చాలదు. అందుకై ఏర్పడినది సంచార దీపస్తంభము. చక్రముల బండిపై ఒక జనరేటరు, సుమారు తొమ్మిది మీటర్ల ఎత్తునకు లేచు స్తంభము, దాని కొనను సాధారణముగా నాలుగు పెద్ద దీపములు ఉండును. వాడుకలో దీనిని టవరు లైటు అందురు.

వేలమంది గుమిగూడిన చోట ఈ దీపములు హఠాత్తుగా ఆరినచో తొక్కిసలాట జరుగు ప్రమాదము కలదు. కావున లోపమెక్కడనున్నదో త్వరగా కనుగొనవలెను. అయితే త్వర వేరు, తొందరపాటు వేరు.

మొట్టమొదట వేసికొనవలసిన ప్రశ్న యిది: ఆరినది ఒక దీపమా, అన్నియునా? అన్నియు ఒక్కసారి ఆరినచో లోపము దీపములలో ఉండుట అరుదు. ఇంధనమును, ప్రధాన బ్రేకరును, జనరేటరు వోల్టేజిని చూడవలెను. అన్నియు మసకబారినచో ఇంజను వేగము తగ్గినదేమో పరీక్షింపవలెను. మన దేశములో ఈ దీపములు 230 వోల్టులు, 50 సైకిళ్లకు ఏర్పరచినవి. 1,000 వాట్ల దీపములు నాలుగున్నచో 4,000 వాట్లు దీపములకే పోవును. చోకులు మరికొన్ని వందల వాట్లు తీసికొనును. ఆ జనరేటరుకే మైకు సెట్టును, సీరియల్ దీపములను తగిలించినచో భారము మించవచ్చును.

ఇక అందరును పొరపడు సంగతి యొకటి కలదు. చాల టవరు లైట్లలో మెటల్ హాలైడ్ బల్బులు వాడుదురు. అట్టి బల్బులో తీగ ఉండదు. చిన్న గొట్టములోని పాదరసమును, లోహ లవణములను వేడికి ఆవిరియై, విద్యుత్తు వాటిగుండ పోవుటవలన వెలుతురు కలుగును. బల్బు వేడిగా ఉన్నప్పుడు ఆ ఆవిరి పీడనము మిక్కిలి హెచ్చుగా నుండును. చోకు ఇచ్చు వోల్టేజి దానిని ఛేదింపజాలదు. కనుక కరెంటు ఒక్క క్షణము పోయి వచ్చినను దీపము వెంటనే వెలుగదు. చల్లారుటకు పది, పదునైదు నిమిషములు పట్టును. వెలిగిన పిదప పూర్తి కాంతికి మరి మూడు నాలుగు నిమిషములు కావలెను. ఈ సంగతి తెలియక మంచి బల్బును పాడైనదనుకొని మార్చువారు పెక్కుమంది. స్విచ్చిని పదేపదే నొక్కుట నిష్ఫలము. ఇటీవల వచ్చిన ఎల్‌.ఇ.డి. దీపములకు ఈ నిరీక్షణ లేదు.

తగినంత ఆగినను ఒక్క దీపము మాత్రము వెలుగనప్పుడు మార్పిడి పరీక్ష చేయవలెను. జనరేటరు ఆపి, దీపములు చల్లారిన పిదప, చోకుపెట్టె యొద్ద చీకటి దీపపు ప్లగ్గును, వెలుగు దీపపు ప్లగ్గును ఒకదాని చోట నొకటి పెట్టవలెను. చీకటి దీపము ఇప్పుడు వెలిగినచో లోపము దాని పాత చోకులో నున్నది. అప్పటికిని వెలుగనిచో బల్బులోనో, హోల్డరులోనో, పైకి పోవు కేబులులోనో ఉన్నది. కంకర దారుల కుదుపునకు బల్బు మర వదులగుట సామాన్యము. స్తంభము లేచి దిగునప్పుడు కేబులు నలుగుటయు కలదు. స్తంభమును దించిన తరువాతనే వీటిని ముట్టవలెను.

చోకుపెట్టెను మాత్రము తెలిసిన ఎలక్ట్రీషియనే విప్పవలెను. దానిలోని కెపాసిటరు, జనరేటరు ఆగిన తరువాత కూడ కొంతసేపు ప్రమాదకరమైన విద్యుత్తును నిలువ ఉంచుకొనును. పైగాజు పగిలిన బల్బు ఒక్కొక్కప్పుడు వెలుగుచునే యుండును. కాని దానినుండి వెలువడు అతినీలలోహిత కిరణములు కన్నులకును చర్మమునకును హాని చేయును. వెంటనే ఆర్పివేయవలెను. పాదరసముండుటచే పాత బల్బులను పగులగొట్టి పారవేయరాదు.

కదిరి సీమలో మరియొక జాగ్రత్త ముఖ్యము. పూర్వపు అనంతపురము జిల్లాలో సాలీనా వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లే. ఫాల్గుణము నాటికి నేల ఎండి బిగిసి యుండును. ఎండిన నేల విద్యుత్తును సరిగా తీసికొనదు. పైపైన గ్రుచ్చిన ఎర్తు కడ్డీ పేరునకే ఎర్తు. కడ్డీని లోతుగా దించి, చుట్టును నీరు పోసి తడిగా ఉంచవలెను. స్తంభమునెత్తుటకు ముందు పైన కరెంటు తీగలు లేవని నిశ్చయించుకొనవలెను.

ఉత్సవదినమున చీకటి పడుటకు గంట ముందే దీపములు వెలిగించి చూచుట మేలు. ఒక్క టవరునే నమ్ముకొనక, రాకపోకల దారులలో బ్యాటరీ దీపములు కొన్ని సిద్ధముగా ఉంచవలెను. పెద్ద దీపము చల్లారి మరల వెలుగు ఆ పదునైదు నిమిషములు జనమును కాపాడునవి అవియే.