తోటలో ఈతకొలను

వేసవి సెలవులు వచ్చాయంటే పల్లెటూరి పిల్లలకు కాలువో, చెరువో, దిగుడుబావో ఉండనే ఉన్నది. నడుముకు బెండ్లు కట్టుకుని, పెద్దవాళ్ళు గట్టు మీద నిలబడి చూస్తూ ఉండగా ఈత నేర్చుకుంటారు. పట్నంలో పిల్లలకు ఆ వీలు లేదు. అందుకని వాళ్ళు, "మన తోటలోనే ఒక ఈతకొలను కట్టిద్దాం, నాన్నా!" అని అడుగుతారు. నాన్న నవ్వి ఊరుకుంటాడు. అది ఎంత పనో తెలియాలంటే మనం కాస్త లెక్క చెయ్యాలి.

పెద్ద కొలను వద్దు. పొడవు 8 మీటర్లు, వెడల్పు 4 మీటర్లు, సగటు లోతు మీటరుంబావు అనుకోండి. గుణిస్తే 40 ఘన మీటర్లు వస్తుంది. ఒక్కొక్క ఘన మీటరుకు 1,000 లీటర్ల నీరు పడుతుంది గనక మొత్తం 40,000 లీటర్లు. 20 లీటర్ల బకెట్టుతో పోస్తే 2,000 బకెట్లు పొయ్యాలి. నిమిషానికి 15 లీటర్లు ఇచ్చే కొళాయి అయితే రాత్రింబవళ్ళు 44 గంటలకు పైగా తిప్పి ఉంచాలి. లీటరు నీరు కిలో తూగుతుంది కదా, ఆ నీటి బరువు 40 టన్నులు. నాలుగేసి టన్నుల ఏనుగులను పదింటిని మీ తోటలో నిలబెట్టినట్టే! వేసవిలో తాగేనీటికే బిందెలు వరసపెట్టే వీధిలో ఈ మాట ఎత్తకపోవడమే మంచిది.

నీరు ఉన్నదనుకుందాం. మరి ఎక్కడ తవ్వాలి? చెట్టు నీడన హాయిగా ఉంటుందని మీకు తోచవచ్చు. కాని వేపచెట్టు ఆకు రాల్చే రోజుల్లో ఆకులు ఏరడానికే పొద్దు చాలదు. రావివేరు గోడలనే చీలుస్తుంది. అందుచేత ఎండ పడే చోటే మేలు. తరువాత చూడవలసింది నేల. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు తీస్తుంది. అటువంటి నేలలో తవ్వేముందు తెలిసిన ఇంజనీరు చేత మట్టిని పరీక్ష చేయించి తీరాలి.

గొయ్యి తవ్వి, అడుగునా గోడల పొడుగునా ఇనుప ఊచలు అల్లుతారు. కాంక్రీటును నొక్కితే ఎంతో బరువు ఓర్చుకుంటుంది, కాని లాగితే పగులుతుంది. ఆ లాగుడును ఊచలు భరిస్తాయి. ఇక్కడ ఒక తమాషా కథ ఉన్నది. అమెరికాలో షికాగో నగరపు ఫీల్డ్ మ్యూజియంలో కార్ల్ ఏక్లీ అనే ఆయన పని చేసేవాడు. చచ్చిన జంతువుల చర్మాలను బొమ్మలకు తొడిగి, ప్రాణం ఉన్నవా అనిపించేటట్టు నిలబెట్టడం ఆయన విద్య. 1907 ప్రాంతంలో ఆ మ్యూజియం బయటి గోడల పూత పెచ్చులూడిపోతూ ఉంటే, బాగుచెయ్యడానికి ఆయన ఒక యంత్రం తయారుచేశాడు. అది సిమెంటూ ఇసకా కలిపిన పొడిని గాలి ఒత్తిడితో గొట్టంలోంచి ఊదుతుంది. గొట్టం చివర నీరు కలుస్తుంది. ఆ ముద్ద వేగంగా వెళ్ళి గోడకు కొట్టుకుని, అక్కడే గట్టిగా అతుక్కుంటుంది. 1911లో ఆయనకు దానిపై పేటెంటు లభించింది. ఈనాడు ప్రపంచంలో ఎన్నో ఈతకొలనులను ఈ పద్ధతిలోనే, ఊచల అల్లిక మీద కాంక్రీటు చిమ్మి కడుతున్నారు. జంతువుల బొమ్మలు చేసే ఆయన ఈతకొలనుల మేస్త్రీలకు గురువు అయినాడన్న మాట!

కాంక్రీటు ఆరి గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. సిమెంటు నీటితో కలిసి, రసాయనిక మార్పు చెంది, రాయిలాగా అవుతుంది. అందుకే కనీసం వారం రోజులు దాన్ని తడిగా ఉంచుతారు. ఆ పైన నీరు కారకుండా పూత పూసి, పలకలు అతికిస్తారు. సుమారు 4,500 సంవత్సరాల క్రితం మొహెంజొదారోలో కట్టిన స్నానకొలను ఇప్పటికీ చూడవచ్చు. 12 మీటర్ల పొడవూ, 7 మీటర్ల వెడల్పూ గల ఆ కొలను నీరు కారకుండా ఇటుకల వెనక తారు వంటి పదార్థాన్ని దట్టంగా పట్టించారు.

నీరు నిండిన కొలను గోడలను బయటికి నెడుతుంది. ఇది సులభంగానే తెలుస్తుంది. కాని ఖాళీ కొలను అంతకన్నా ప్రమాదం! మనం అనుకున్న కొలను కాంక్రీటు సుమారు 22 టన్నులు ఉంటుంది. జోరువానలకు చుట్టూ ఉన్న భూమిలో నీరు కొలను అంచుదాకా ఊరిందనుకోండి. అప్పుడు ఆ తొట్టి దాదాపు 49 టన్నుల నీటి చోటు ఆక్రమిస్తుంది. ఆర్కిమెడీసు సూత్రం చదివినవాళ్ళు ఏమవుతుందో చెప్పగలరు. పడవలాగా కొలను పైకి లేస్తుంది! కనకనే వానాకాలంలో కొలనును ఊరికే ఖాళీ చెయ్యరు. అడుగున ఒక కవాటం కూడా పెడతారు. కింద ఊరిన నీరు దానిలోంచి లోపలికి వచ్చి ఆ ఒత్తిడిని తగ్గిస్తుంది.

ఇక నీరు నింపవచ్చునా? ఆగండి. ముందు కంచె పూర్తి కావాలి. ఈ విషయంలో అమ్మానాన్నలు ఎవరి మాటా వినకూడదు, అందం చెడుతుందన్న మాట అసలే వినకూడదు. మునిగిపోయే పసివాడు సినిమాలోలాగా కేకలు పెట్టడు. నోరు నీటి పైకి వచ్చే ఆ క్షణంలో ఊపిరి పీల్చడానికే వ్యవధి చాలదు. పక్కగదిలో ఉన్న తల్లికి చప్పుడే వినిపించదు. కొలనుకు నాలుగు వైపులా కనీసం 1.2 మీటర్ల ఎత్తు కంచె ఉండాలి. ఇంటిగోడనే నాలుగోవైపుగా లెక్కవేసుకుంటే, వంటింటి తలుపులోంచి పాకే పిల్ల తిన్నగా నీటి దగ్గరికే వస్తుంది. తలుపు బయటివైపుకు తెరుచుకోవాలి, వదలగానే తనంతట తానే మూసుకుని గడియ పడాలి. కంచె పక్కన కుర్చీ, పూలకుండీ ఉండరాదు. అవి నిచ్చెనలవుతాయి. ఫ్రాన్సు దేశంలో ఇళ్ళలోని కొలనులకు ఇటువంటి రక్షణ ఏదో ఒకటి ఉండి తీరాలని 2003లో చట్టమే చేశారు. కంచె ఉన్నా సరే, ఈత వచ్చిన పెద్దవారు గట్టున లేకుండా మీరు నీటిలో దిగకండి.

నింపిన నీరు ఊరకే ఉంటే పాకుడు పడుతుంది, దోమలు గుడ్లు పెడతాయి. పంపు గంటకు 5,000 లీటర్ల నీటిని ఇసక జల్లెడ గుండా తోడితే, కొలనులో ఉన్నంత నీరూ 8 గంటల్లో ఒకసారి తిరుగుతుంది. క్రిములను చంపడానికి క్లోరీను కలుపుతారు. లీటరుకు ఒక మిల్లీగ్రాము చొప్పున 40,000 లీటర్లకు 40 గ్రాములు చాలు. కాని ఎండ దాన్ని కొద్ది గంటల్లోనే చాలావరకు హరిస్తుంది, కనక మళ్ళీ మళ్ళీ చూసుకోవాలి. క్లోరీను మందును పెద్దవాళ్ళే ముట్టుకోవాలి. అది యాసిడ్‌తో కలిస్తే విషవాయువు పుడుతుంది. కొలను దగ్గర ఘాటైన వాసన వేస్తే క్లోరీను ఎక్కువైందని అనుకుంటాం కదూ? నిజానికి అది చెమటా, మూత్రమూ క్లోరీనుతో కలిసినందువల్ల పుట్టే వాసన. ఒళ్ళు కడుక్కుని దిగమని అమ్మ చెప్పేది అందుకే!

ఒక్కొక్కసారి కొలనులో నీరు తగ్గుతూ ఉంటుంది. కారిపోతున్నదా, ఎండకు ఆవిరి అవుతున్నదా? మిల్లీమీటరు తగ్గిందంటేనే 32 లీటర్లు పోయినట్టు. తెలుసుకోవడానికి మీరే ఒక పరీక్ష చెయ్యవచ్చు, నాన్నను మాత్రం పక్కన ఉండమనండి. బకెట్టులో కొలను నీరే నింపి, కొలను మెట్టు మీద నీటిలో నిలబెట్టండి. బకెట్టు లోపలి నీటిమట్టం వద్దా, బయట కొలను మట్టం వద్దా గీతలు గీయండి. ఆ రోజుకు పంపు ఆపి, ఎవరూ ఈతకు దిగకుండా చూసి, మర్నాడు అదే వేళకు చూడండి. రెండూ సమంగా తగ్గితే సూర్యుడు తాగినట్టు. కొలను ఎక్కువ తగ్గితే మేస్త్రీకి కబురు చెయ్యాలి.